మ్యాట్నీలో నా నవ్వు

మా ఇంట్లో ఏ సినిమాకు పోవాలో తేల్చేది నేనే. ఈ పెత్తనం నాకెవరూ అప్పజెప్పలేదు, ఏళ్లు గడిచేకొద్దీ అలా కుదురుకుంది. శుక్రవారం పొద్దున టీ తాగుతూ పేపర్లో సినిమా పేజీని పై నుంచి కింది దాకా చదువుతాను. తర్వాత ఫోన్ తీసి, ముందుగా చూసొచ్చినవాళ్లు రాసినవన్నీ వెతికి చదువుతాను. మధ్యాహ్నం అన్నం వేళకు ఆ వారం వచ్చిన సినిమాల కథలన్నీ నాకు తెలిసిపోతాయి. ఎక్కడ సాగదీశారో, ఏ పాట అడ్డం పడిందో, చివర్లో ఎవరు చనిపోతారో కూడా చెప్పగలను. సాయంత్రం మా కొడుకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్యూటీ చేసి వచ్చి, వాకిట్లో బూట్లు విప్పుతూ, "బాపూ, ఈ వారం ఏది?" అంటాడు. నేనొక పేరు చెబుతాను. ఆదివారం వాడికి సెలవు గనుక అప్పటికప్పుడే ఫోన్లో మ్యాట్నీ టికెట్లు తీసేస్తాడు.

మా గల్లీలో కూడా నాకు ఆ పేరుంది. గోదావరిఖనిలో కొత్త సినిమా పడిందంటే, పోవచ్చా వద్దా అని ఇద్దరు ముగ్గురు మా గేటు దగ్గర ఆగి అడుగుతారు. నేను చెప్పిన సినిమా సాధారణంగా తప్పిపోదు. "మీ ఆయనకు సినిమా అంటే పానం" అని పక్కింటామె మా ఆవిడతో అంటుందట.

పానమేమీ కాదు. అవన్నీ నేను ముందే ఎందుకు చదువుకునేవాడినో ఎవరికీ తెలియదు. నాకు చెవులు వినపడవు.

నేను బొగ్గు బాయిలోకి దిగి పనిచేసినవాణ్ణి కాదు. బాయి లోపల పనిచేసేవాళ్లకు గాలి అందాలి గదా, అందుకోసం పైన ఒక షెడ్డులో ఇల్లంత ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పగలూ రాత్రీ ఆగదు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం నాది. రిటైరయ్యేదాకా ఆ షెడ్డులోనే పనిచేశాను. అక్కడ మాటలుండవు, సైగలే. చెవులకు పెట్టుకొమ్మని ఇచ్చినవాటిని ఉక్కపోతకు తట్టుకోలేక తీసి మేకుకు తగిలించేవాణ్ణి. ఆ చప్పుడుకు నేను అలవాటు పడ్డాననుకున్నాను. నిజానికి చెవులే మెల్లగా పోతూ వచ్చాయి.

పూర్తిగా పోతే ఎప్పుడో బయటపడేవాణ్ణి. గొంతు వినపడుతుంది, మాట వినపడదు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, కత్తి అన్నారో సుత్తి అన్నారో తెలియదు. ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదిలించి మాట్లాడితే సగం అర్థమవుతుంది. మిగతా సగం మొహం చూసి ఊహించుకుంటాను. శుక్రవారం సాయంత్రం ఎవరైనా గేటు దగ్గర ఆగి నోరు కదిపారంటే అది సినిమా సంగతే. ఆ లెక్కన నెట్టుకొచ్చాను.

చెప్పుకోవచ్చు గదా అంటారు. మా వైపు పెళ్లిళ్లలో చెవిటాయన ఒకరుంటే చాలు, అందరికీ అదే కాలక్షేపం. ఒకటి అడిగి, ఆయన ఇంకొకటి చెబితే కడుపు పట్టుకుని నవ్వుతారు. ఆ ఆట నాతో ఆడుకోవడం నేను చూడదలచుకోలేదు.

అందుకే ఎప్పుడూ పెద్ద హీరో సినిమాలే చెప్పేవాణ్ణి. కొట్లాటకు మాటలతో పని లేదు. విలన్ గాలిలోకి లేచి లారీ మీద పడితే కథ ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలిసిపోయేది. మిగతాది ముందే చదువుకున్నదే. హాస్యం దగ్గరే ఇబ్బంది. మా ఆవిడ పక్కన కూర్చుని ఓరకంట చూసేవాణ్ణి. ఆమె భుజాలు కదిలితే నేనూ నవ్వేవాణ్ణి.

ఇలా ఇంకా ఎన్నాళ్లు సాగేదో గానీ, మా కొడుకు పెళ్లయి కోడలు ఇంటికి వచ్చింది.

కోడలిది కాసిపేట మండలంలో ఒక పల్లె. తండ్రి ఆమె చిన్నప్పుడే పోతే, తండ్రి తమ్ముడే పెంచి, చదివించి, పెళ్లి చేశాడు. ఆమె ఆయన్ని కాక అని పిలుస్తుంది. ఆయన వ్యవసాయం చేస్తాడు. చుట్టుపక్కల ఊళ్లలో భాగోతం ఆడే మనిషి కూడా. రాజు వేషం, ముసలి వేషం ఏదైనా కడతాడు. కోడలు పెళ్లికి ముందు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిందట, మాట మాట విడదీసి పలుకుతుంది. ఇంట్లో నాకు అందరికన్నా బాగా అర్థమయ్యేది ఆమె మాటే.

ఆ శుక్రవారం మూడు సినిమాలు వచ్చాయి. ఒకటి పెద్ద హీరోది, ఒకటి దయ్యం సినిమా, మూడోది ఎవరో కొత్తవాళ్లు మన వైపు పల్లెల్లో తీసిన చిన్న సినిమా. నేను అప్పటికే పెద్ద హీరో దగ్గర ఆగిపోయాను. కోడలు చేతిలో ఫోన్ పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"మామా, ఈసారి నేను చెప్పిన సినిమాకు పోదమా?"

"ఏది బిడ్డా?"

"గీ చిన్నది. మా కాక చేసిండు గీ సినిమాల. చిన్న వేషమే. రెండు సీన్లుంటదట." ఆమె మొహం వెలిగిపోతోంది. మా ఇంటికి వచ్చాక ఆమె నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

ఆ సినిమా గురించి పేపర్లో నాలుగు ముక్కలే ఉన్నాయి. మనసుకు హత్తుకుంటుంది, మాటలు బాగున్నాయి అని రాశారు. కథ ఎవరూ చెప్పలేదు. మాటలు బాగున్న సినిమాకు నేను పోయి ఏం చేయాలి?

"గది బాగలేదట బిడ్డా," అన్నాను. "మొత్తం సాగదీసిండ్రట. పేపర్ల గట్లనే రాసిండ్రు."

అలా ఎవరూ రాయలేదు. ఆమె సరే అని తల ఊపి ఫోన్ కిందికి దించింది. ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె అన్నది నాకు సగమే అందింది. "ఆ పిల్ల కాక చేసిండంటే పోవుడే. బాగుంటే ఏంది, బాగలేకుంటే ఏంది?" అన్నదని ఆమె చేతులు చూసి అర్థం చేసుకున్నాను. కొడుకు టికెట్లు తీశాడు. కోడలు కాకకు ఫోన్ చేసి ఆయన్ని కూడా రమ్మంది.

ఆ తర్వాతి రోజంతా ఫోన్లో ఆ సినిమా కథ వెతుకుతూనే ఉన్నాను. ఎక్కడా దొరకలేదు. ఏమీ తెలియకుండా థియేటర్‌కు పోవడం నాకు చాలా ఏళ్ల తర్వాత అదే.

ఆదివారం కాక ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, భుజాన కొత్త తువ్వాలతో నేరుగా థియేటర్ దగ్గరికే వచ్చాడు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. వరసకు ఒకరికొకరం బావలం. "బావా, నువ్వు జూస్తవంటె జర భయమైతుంది," అన్నాడు. భాగోతం ఆడే గొంతు కాబట్టి ఆ మాట నాకు బాగానే వినపడింది. "సినిమాల సంగతి నీకు బాగ ఎర్క అంటరు గదా. ఎట్లున్నదో నిజం చెప్పాలె."

లోపల సగం సీట్లు ఖాళీ. వరసలో ఈ చివర మా ఆవిడ, పక్కన నేను, తర్వాత కొడుకు, కోడలు, అవతలి చివర కాక. సినిమా మొదలైంది. ఒక ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక పొలం. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. కెమెరా ఒక్కోసారి వీపుల వెనక నిలబడేది, అప్పుడు పెదాలు కూడా కనపడవు. ఒకామె ఏడ్చింది, ఎందుకో తెలియలేదు. మా ఆవిడ వైపు చూస్తే ఆమె కదలకుండా తెర వైపే చూస్తోంది. నాకు చీకట్లో చెమట పట్టింది.

అప్పుడు కాక తెర మీదికి వచ్చాడు. మా వరసలో కదలిక తెలిసింది, కోడలు ముందుకు వంగింది. తెర మీద ముసలి వేషంలో కాక ఆర్టీసీ బస్సెక్కాడు. కండక్టర్ దగ్గరికి వచ్చాడు. కాక రెండు వేళ్లు చూపించాడు. కండక్టర్ ఏదో అడిగాడు. కాక పక్క సీటు వైపు చూశాడు, కనుబొమలు పైకెత్తాడు, కళ్లు పెద్దవి చేశాడు, నోరు వంకర తిప్పి ఒక నవ్వు నవ్వాడు. ఒక వేలు ముడిచాడు. మళ్లీ చూపించాడు. మళ్లీ ముడిచాడు. కండక్టర్ బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

ముసలాయన కండక్టర్‌తో పేచీ పెట్టుకున్నాడనుకున్నాను. హాస్యం వచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది. కోడలి కాక గదా, గట్టిగా నవ్వాలనుకున్నాను. నవ్వాను. నా నవ్వు ఎంత గట్టిదో నాకు తెలియదు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. తనకూ నవ్వు ఆగడం లేదేమో అనుకుని ఇంకాస్త నవ్వాను. కొడుకు చెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా బిగుసుకుంది. అప్పుడు ఆగాను.

సినిమా వదిలాక అందరం బయట మిర్చీల బండి దగ్గర నిలబడ్డాం. ఎవరూ తినడం లేదు. కాక నా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన గొంతు పెంచలేదు. తల దించుకుని, తువ్వాల కొస నలుపుకుంటూ ఏదో అడిగాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఒక్క ముక్క అందలేదు. సినిమా ఎట్లున్నదని తప్ప ఇంకేం అడుగుతాడు?

నేను ఆయన భుజం చరిచాను. "నువ్వయితే ఇరగదీసినవ్ బావా! కడుపుబ్బ నవ్విన!"

కాక నన్ను అలాగే చూశాడు. కోడలి చేతిలో మిర్చీ పొట్లం అలాగే ఉండిపోయింది. కొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏం జరిగిందో తెలియలేదు. కాక రెండు చేతులూ జోడించి మాకు దండం పెట్టి, బస్సు వేళైందన్నట్టు చేత్తో చూపించి కదిలాడు. కోడలు ఆయన వెంట ఆటో దాకా నడిచి వెళ్లింది. తిరిగొచ్చాక నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక కోడలు నేరుగా వంటింట్లోకి పోయింది. మా ఆవిడ తీగ మీద ఆరిన బట్టలు తీస్తోంది. వీపు నా వైపు ఉంది. మెడ కదులుతుంటే ఆమె ఏదో అంటోందని అర్థమైంది.

"ఏంది?" అన్నాను.

ఆమె బట్టలన్నీ మంచం మీద పడేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏందంటవా? అడుగుతుంటే మల్ల ఏందంటవా? ఆ పెద్దమనిషిని గంత మాటెట్ల అనబుద్దయింది నీకు?"

"నేనేమన్న? మంచిగ చేసినవనే అన్న గదా."

"ఆయన ఏమడిగిండు? నువ్వేం చెప్పినవ్? 'నేనేమన్న తప్పు జేసిన్నా బావా, గట్లెందుకు నవ్వినవ్' అని అడిగిండయ్యా ఆయన. గదానికి కడుపుబ్బ నవ్విన్నంటవా?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పెండ్లాం సచ్చిపోయిన ముసలోడు, అలవాటు పోక ఇద్దరికి టికెట్లడిగితె నీకు నవ్వొచ్చిందా?"

రెండు వేళ్లు, ఒక వేలు. పక్క సీటు వైపు చూపు. అప్పుడు తెలిసింది నాకు. మంచం మీద బట్టల పక్కనే కూర్చున్నాను.

"వినపడలే," అన్నాను.

"ఏది?"

"సినిమా. బావ అడిగింది. ఏదీ వినపడలే. శానేండ్ల సంది నాకు సరిగ్గ వినపడుతలేదు."

ఆమె నన్ను దాటుకుని నా వెనక్కి వెళ్లింది. నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి తిరిగి చూస్తే, అప్పుడే ఏదో అని నోరు మూసుకున్నట్టు నిలబడి ఉంది. చెంపల మీద నీళ్లు. "ఏమన్నవ్?" అని అడిగాను. చెప్పలేదు. ఆ రోజు నా వెనక నిలబడి ఏమన్నదో ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత పక్కన కూర్చుంది. "మా అవ్వ పోయినంక దినాం నీకు చెప్పుకుంట ఏడుస్తుంటి గదా. అవన్ని?"

నేను తల దించుకున్నాను.

"ఊ కొడుతుంటివి గదా?"

ఊ కొట్టేవాణ్ణి. ఆమె గొంతు ఆగిన చోటల్లా ఊ అనేవాణ్ణి.

"నేనేమనుకున్ననో ఎర్కనా నీకు?" అంది. "పిలిస్తె పలుకవు. అడిగితె లేచి అవుతలికి పోతవు. రిటైరయినంక ఈయనకు నా మాటంటె లెక్కలేకుండ పోయిందనుకున్న. ఎవలకు చెప్పుకోవాలె? గోడతోని మాట్లాడినట్టు మాట్లాడుకున్న."

నేను భయపడింది జనం నవ్వుతారని. ఇంట్లో మనిషి అన్నేళ్లుగా తన మాటకు విలువ లేదని బాధపడుతుందని నాకు తట్టనే లేదు. తట్టినా చెప్పేవాణ్ణో లేదో. చెవిటివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమని నేను లోలోపల ఎప్పుడో తేల్చుకున్నట్టున్నాను. ఒక్క మాటతో తీరిపోయే ఆమె బాధను నా పరువు కోసం అలాగే ఉంచాను. ఆమె మొహం చూడలేక మంచం మీది చొక్కా ఒకటి తీసి మడత పెట్టసాగాను.

కోడలికి ఆమే వెళ్లి చెప్పింది. తలుపు సందులోంచి చూశాను. బియ్యం కడుగుతున్న పిల్ల చేతులు ఆగిపోయాయి. కాసేపటికి కోడలు బయటికి వచ్చి, ఇంకా వెలుతురు ఉన్నా ట్యూబ్‌లైట్ వేసి, ముక్కాలి పీట లాక్కుని నా ముందు కూర్చుంది.

"మామా, నా మొకం జూడు," అంది. "మా కాక గా బస్సు సీన్ల ఏమంటడో చెప్త. 'రెండియ్యి బిడ్డా' అంటడు. కండక్టర్ 'ఇంకొకలు ఎక్కడ తాతా' అని అడుగుతడు. పక్కకు జూస్తడు. 'లేదు లేదు, ఒక్కటే ఇయ్యి. ఆమె రాలే. అలవాటు తప్పుతలేదు' అంటడు. గంతే."

ఆమె పెదాల మీద ఆ మాటలన్నీ నాకు అందాయి. తల ఎత్తలేకపోయాను.

"గందుకేనా మామా, పోవద్దన్నది? పేపర్ల గట్ల రాయలే గదా?"

"రాయలే బిడ్డా."

ఆమె లేచి ముక్కాలి పీట గోడ పక్కన పెట్టింది. కోప్పడి ఉంటే బాగుండేది.

కాకకు ఫోన్ చేసి చెబుదామంటే ఫోన్లో నాకు అసలేమీ అర్థం కాదు. మర్నాడు పొద్దున బస్సెక్కి, మంచిర్యాలలో దిగి ఇంకో బస్సు పట్టుకుని కాసిపేట వైపు వెళ్లాను. ఎవరినీ వెంట రానివ్వలేదు. నేను వెళ్లేసరికి కాక కొట్టం ముందు బర్రెకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి గాబరాపడి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. కూర్చోకముందే చెప్పేశాను. వినపడదన్న సంగతి, ఊరికే నవ్విన సంగతి, మిర్చీల బండి దగ్గర ఏమడిగాడో తెలియకుండానే జవాబిచ్చిన సంగతి. క్షమించమని చేతులు పట్టుకున్నాను.

కాక నన్ను గడపలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని, భాగోతం గొంతుతో అడిగాడు. "చెవులు వినపడకపోతె పోనీ బావా. కండ్లు కనపడ్డయి గదా?"

"కనపడ్డయి."

"మరి నవ్వెందుకొచ్చింది?"

నేను దానికి సిద్ధపడి రాలేదు. బుకాయిద్దామనుకున్నాను గానీ, అప్పటికే అబద్ధాలతో అలసిపోయి ఉన్నాను. "నీ మొకం జూస్తె నవ్వొచ్చింది బావా," అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపాడు. "గంతే. భాగోతంల అందరికన్న ఎనక కూసున్నోనికి సుత కనపడాలెనని మొకం పెద్దగ తిప్పుతం. కెమెరా ముంగట గదే జేసిన. డైరెక్టర్ సారు తగ్గించు తగ్గించు అంటనే ఉండె. నాకు తెల్వకపాయె. మాటలు ఉన్నయి కాబట్టి జనం ఏడ్చిండ్రు. మాట తీసేస్తె..." చెయ్యి గాలిలో తిప్పాడు.

క్షమాపణ చెప్పడానికి వచ్చి ఆయనకు ఇంకో దెబ్బ కొట్టానని అర్థమైంది. ఇంకేదో చెప్పి సర్దబోయాను. ఆయన వినలేదు. లేచి కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు ఒక చెయ్యి పైకి పెట్టాడు. నోరు మెదపకుండా రెండు వేళ్లు చూపించాడు. పక్కకు చూశాడు. ఈసారి కనుబొమలు లేవలేదు, మొహంలో ఏదీ పెద్దగా కదల్లేదు. ఆ చూపు మాత్రం ఖాళీ చోటు మీద కాస్త ఎక్కువసేపు ఆగింది. ఒక వేలు ముడిచాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ముందురోజు నా వెనక నిలబడి ఏదో అన్న మా ఆవిడ గుర్తొచ్చింది. మొహం తుడుచుకుని, "ఇప్పుడు బాగున్నది బావా," అన్నాను. అన్నం తినేదాకా ఆయన నన్ను పోనివ్వలేదు. తింటున్నప్పుడు ఇంటి ఆడవాళ్లు ఏదో అడుగుతుంటే, "జర గట్టిగ, ఎదురుంగ మాట్లాడుండ్రి," అని ఆయనే వాళ్లకు చెప్పాడు. నేను పళ్లెంలోకి చూస్తూ తిన్నాను.

ఆ చిన్న సినిమా మా ఊళ్లో మళ్లీ శుక్రవారం దాకా ఆడలేదు. రెండోసారి చూద్దామనుకునేసరికి ఆ థియేటర్లో ఇంకో సినిమా పడింది.

కొడుకు నన్ను కరీంనగర్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. గాజు అవతల నిలబడ్డ కొడుకు మొహం చూస్తేనే, ఎత్తాల్సిన చోట ఎత్తడం లేదని తెలిసింది. రెండు చెవులకూ మిషన్లు ఇచ్చారు. పెట్టుకున్న మొదటి రోజు పళ్లెం కింద పెడితే ఉలిక్కిపడ్డాను. కాకులు ఇంత అరుస్తాయని మరిచిపోయాను. మాటలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు, కొన్నే వచ్చాయి. డాక్టర్ ముందే చెప్పాడు, ఆలస్యం చేశారని.

తర్వాతి శుక్రవారం కొడుకు బూట్లు విప్పుతూ అలవాటుగా అడిగాడు. "మీరే చూడుండ్రి," అన్నాను. కోడలు ఊరుకోలేదు. పేపర్ తెచ్చి నా పక్కన కూర్చుని, "ఇద్దరం చూద్దం మామా," అంది. ఆమె చదివి వినిపించింది, నేను విన్నాను. ఆమెకు హాస్యం సినిమా చూడాలని ఉంది. నాకు లోపల బెదురుగా ఉన్నా సరేనన్నాను.

ఆదివారం మిషన్లు కనపడకుండా మఫ్లర్ చుట్టుకుని బయలుదేరాను. ఎండలో మఫ్లరేమిటని మా ఆవిడ అడగలేదు. హాల్లో ఈలలు చెవుల్లో సూదుల్లా దిగాయి. ఉక్కకు తట్టుకోలేక మఫ్లర్ తీసేశాను. మొదటి సగంలో ఒక నాలుగు చోట్ల ఎవరినీ చూడకుండా నా అంతట నేనే నవ్వాను. మిగతా చోట్ల మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ దగ్గర నిలబడితే, ఫ్యాన్ షెడ్డులో నా తర్వాతి షిఫ్టుకు వచ్చే, నేను అన్నా అని పిలిచే ఒకాయన ఎదురుపడ్డాడు. నాకన్నా ముందే రిటైరయ్యాడు. పలకరించి, నా చెవి వైపు వేలు చూపించి, "ఏందది?" అన్నాడు.

"పాటలు వినేదన్నా. పిల్లగాడు కొనిచ్చిండు," అన్నాను. అన్నీ బయటపడ్డాక కూడా నా నోటికి మొదట వచ్చింది అబద్ధమే.

ఆయన నవ్వి తల ఊపాడు. "అవునవును, ఈ వారం గిదే మంచిగున్నదట," అన్నాడు.

ఆ తల ఊపడం నాకు తెలుసు. అన్నేళ్లు నేను ఊపిన తలే అది. నాకు సిగ్గేసింది. ఆయన దగ్గరికి జరిగి, "పాటలది కాదన్నా, చెవి మిషన్. నాకు వినపడదు," అన్నాను.

"ఆఁ?" అని చెవి వెనక చెయ్యి పెట్టాడు.

"వినపడదు!"

మళ్లీ నవ్వి తల ఊపాడు. ఇంక లాభం లేదని ఉన్న గొంతంతా ఎత్తి అరిచాను. "నాకు చెవుడన్నా! చెవుడు! గిది చెవిటి మిషన్!"

పాప్‌కార్న్ కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. ఎవరో ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సమోసాలు పట్టుకున్న నా కొడుకు ఉన్నచోటే ఆగిపోయాడు.

అన్న అటూ ఇటూ చూశాడు. నన్ను రెక్క పట్టుకుని మెట్ల పక్కకు తీసుకుపోయాడు. నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "నాది సుత గంతే తమ్మీ. ఇంట్ల చెప్పలే," అన్నాడు.

లోపల సినిమా మొదలైన చప్పుడు వచ్చింది. ఆయన ఇంకా నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మొదలైందని నేనే తలుపు వైపు చూపించి చెప్పాల్సి వచ్చింది.